అలారం తగ్గించమన్నారు

ఆ బీరువాల షెడ్డులో అందరికీ ఆమె వదినే. నిజానికి కొట్టిన రంగును వేడికి గట్టిపరిచే పెయింటు ఓవెన్ నడిపే మరిది ఒక్కడికే ఆమె వదిన. అతను పొద్దస్తమానం పిలిచి పిలిచి ఆ వరసను లోడింగువాళ్ల నుంచి యజమాని దాకా అంటించాడు. కరెంటు పనంతా ఆమెదే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పెళ్లయిన కొత్తలో ఇంట్లో మిక్సీ చచ్చిపోతే విప్పింది. బిగించాక రెండు స్క్రూలు మిగిలాయి, మిక్సీ మాత్రం తిరగలేదు. ఆ మిగిలిన స్క్రూల మీద కోపమే ఆమెను ఇంతదాకా తెచ్చింది. చేతిలో టెస్టరు లేకుండా కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు మంట.

ఆ రోజు మంట మరీ ఎక్కువైంది. తెల్ల రంగు కొట్టిన బీరువా తలుపులు ఓవెన్లోంచి పసుపు పచ్చగా బయటికొచ్చాయి. హీటర్లకు కరెంటు ఇచ్చే కాంటాక్టర్ ఆగాల్సినప్పుడు ఆగకుండా అతుక్కుపోయింది. నూట ఎనభై డిగ్రీల దగ్గర నిలవాల్సిన వేడి ఎక్కడిదాకా పోయిందో తలుపులే చెబుతున్నాయి. కాంటాక్టర్ ఆమె వెంటనే మార్చేసింది. అయితే రెండు వందల పది దాటగానే గోల పెట్టాల్సిన అలారం ఏమైనట్టు?

"ఏముంది, ఇతను నిద్రపోయి ఉంటాడు," అన్నాడు యజమాని మరిది వైపు వేలు చూపించి. "నీ మొహం చూసి ఇన్నాళ్లూ ఊరుకున్నా వదినా. ఇక వద్దు. రేపట్నుంచి ఇతను షెడ్డులోకే రానక్కర్లేదు."

ఇంటికెళ్లి తోడికోడలికి ఏం చెప్పాలో తలచుకుంటేనే ఆమెకు తల తిరిగింది. ఎవరో అలారం వైరు కోసి ఉంటారని లోడింగువాళ్లను తిట్టుకుంటూ స్టూలెక్కింది. వైరు నిక్షేపంగా ఉంది. హారన్ నోట్లో మాత్రం మసిగుడ్డ కుక్కి ఉంది.

"ఎవరిదయ్యా ఈ తెలివి?"

"నాదే వదినా," అన్నాడు లోడింగు మేస్త్రి, సిగ్గు లేకుండా. "పొద్దున ఓవెన్ వెలిగిస్తే మొదలు, ఆర్పేదాకా ఒకటే కూత. చెవులు చిల్లులు పడుతుంటే ఏం చెయ్యమంటావ్?"

పొద్దంతా ఎందుకు కూస్తుంది? ఆమె గుడ్డ లాగేసి స్టూలు దిగి, అందరూ అంకెల డబ్బా అనే కంట్రోలర్ మీటలు నొక్కి చూసింది. అలారం దగ్గర నూట ముప్పై ఉంది.

"నూట ముప్పయ్యా! ఓవెన్ పనిచేసేదే నూట ఎనభైలో. మొత్తుకోక ఏం చేస్తుంది? ఎవరు పెట్టారిది?"

"నేనే," అన్నాడు మరిది. "గుమాస్తాగారు అలారం తగ్గించమన్నారు. తగ్గించా."

గోడవతలి గదిలోంచి గుమాస్తా ఊడిపడ్డాడు. "పొద్దున్నే వేడెక్కేటప్పుడు కాస్త ఎగదన్ని ఓ కూత పెడుతుంటే మోత తగ్గించమన్నానయ్యా!"

"మోత అనలేదండీ, అలారం అన్నారు. డబ్బాలో అలారం అంటే అంకే కదా. తగ్గిస్తే ఇంకా ఎక్కువ మోగింది. మీరు మళ్లీ వచ్చి ఇంకా తగ్గించమన్నారు."

"మోగుతుంటే అననా?"

"మీరు అంటే నేను తగ్గించనా?"

వదిన తల పట్టుకుంది. ఒకడు అనడం, ఒకడు తగ్గించడం, ఇంకొకడు గుడ్డ కుక్కడం. వచ్చి తనను అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

"మీ మాటల తగువు నాకెందుకు? డబ్బా సంగతి తెలియనివాడు ఓవెన్ దగ్గరెందుకు?" అన్నాడు యజమాని.

"తెలుసో లేదో మీ కళ్లముందే తేలిపోనివ్వండి. మొత్తం చెరిపేస్తా. మొదట్నుంచీ ఇతనే పెడతాడు. రాకపోతే ఇతన్ని నేనే ఇంటికి తీసుకుపోతా."

"వదినా, అదీ..."

"నోరు మూసుకుని ఇలా రా."

ఆమె రెండు మీటలు కలిపి నొక్కి పట్టుకుంది. పెట్టుకున్నవన్నీ పోయి, డబ్బా కంపెనీ నుంచి వచ్చిననాటి బుద్ధికి వచ్చేసింది. అంకెల బదులు అడ్డగీతలు మెరిశాయి.

"గీతలొస్తున్నాయి వదినా."

"నాకూ కళ్లున్నాయి. ఎందుకొస్తున్నాయి?"

"వేడి కొలిచే మన సెన్సరు ఏ రకమో దీనికి చెప్పలేదు." వెతికి రకం మార్చాడు. గీతలు పోయి గదిలో ఉన్న వేడి కనబడింది. పని వేడి నూట ఎనభై పెట్టాడు, అలారానికి రెండు వందల పది పెట్టి వెనక్కి జరిగాడు.

"అయిపోయిందా? కంపెనీవాళ్లు అలారమే ఆపేసి పంపితే ఆ అంకె ఎవరికి చెప్పావ్, గోడకా?"

మరిది నాలిక్కరుచుకుని మళ్లీ డబ్బా మీటలు నొక్కాడు. అక్కడ అలారం రకాలు వరసగా వచ్చాయి. ఒకదాని దగ్గర చాలాసేపు ఆగాడు. చెబుదామని ఆమెకు నోటిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టుకుంది.

"ఇది వద్దు," అన్నాడు చివరికి. "ఇది పెడితే నూట ఎనభై మీద ఇంకో రెండు వందల పది ఎక్కేదాకా నోరు మెదపదు. మనకు రెండు వందల పది దగ్గరే అరవాలి." పక్కదానికి మార్చాడు. సెన్సరు వైరు తెగినా అరిచేలా ఇంకొకటి తనంతట తానే పెట్టాడు.

అది ఆమె నేర్పలేదు. మొహంలో ఏమీ కనబడనివ్వకుండా సెన్సరు వైరు ఊడబెరికింది.

హారన్ షెడ్డు అదిరేలా మోగింది. గుమాస్తా చెవులు మూసుకుని, "బాబ్బాబూ, తగ్గించండి!" అని కేకేశాడు.

మరిది చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "మోతయితే వదినని అడగండి. అంకె మాత్రం నేను ముట్టుకోను."

యజమాని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సరే, ఉండనీ. ఈసారి తలుపులు పచ్చబడితే మాత్రం మీ ఇద్దరికీ చెబుతా," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆమె వైరు బిగించి, హారన్ మూతిని గుమాస్తా గది గోడ వైపు నుంచి ఓవెన్ వైపు తిప్పి, స్టూలు దిగింది. మరిది ఇంకా అక్కడే నిలబడ్డాడు.

"వదినా, తలుపులు ఎక్కించనా?"

"ఎక్కించక? నా మొహం చూస్తూ నిలబడితే వాటంతటవే ఎక్కుతాయా?"