కాలిలో దిగిన తుమ్మముల్లు

నన్ను పోషించిన తాడిచెట్టు మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. మొన్న కాళ్లు మళ్లీ తిమ్మిరెక్కుతున్నాయని మా ఇబ్రహీంపట్నం దవాఖానకు పోతే, మీసమింకా ముదరని డాక్టరు నన్ను కళ్లు మూసుకొమ్మని, అరికాలిలో సూదితో గుచ్చి, తెలుస్తుందా అని అడిగాడు. తెలుస్తుందన్నాను. నమ్మి కాగితం మీద రాసుకున్నాడు. ఇంత సులువుగా నన్ను నమ్మిన మనిషి ఈ ఊళ్లో ఇతడే మొదటివాడు.

రజాకార్ల కాలం ఎలాంటిదో నా ఈడువారికి చెప్పనక్కరలేదు. పెళ్లయి ఏడాదైనా నిండని గీతగాణ్ణి నేను, ఒక ఎండాకాలపు పొద్దున నడుముకు చుట్టుకుని చెట్టెక్కే మోకు తెగి, కల్లులొట్టితో సహా తాడి మీదినుంచి వెన్ను విరిగేలా పడ్డాను. లొట్టి పగిలిందని తెలిసింది గాని, నడుము కింద నాకు కాళ్లున్నాయని తెలియలేదు. యాచారం నుంచి వచ్చిన ఎముకల వైద్యుడు చెక్క మీద కదలకుండా పడుకోబెట్టమన్నాడు. మా అమ్మ రోజూ వావిలాకు నీళ్లతో కాళ్లు కాపేది. ఆ వేడి ఆమె చేతులకే తెలిసేది.

ఊరికి మాత్రం అనుమానం. రజాకార్ల మకాముకు వెట్టిగా కల్లు మోసే వంతు ఆ వారం నాదే గనుక, సరిగ్గా అప్పుడే పడ్డానంటే పటేలు నమ్మలేదు. దొంగవేషమని తేలితే మకాముకు ఈడ్పిస్తానని కబురు పెట్టాడు. అలా పోయిన మా మేనమామ తిరిగి రాలేదు. రజాకార్లను ఎదిరించే సంఘంవాళ్లేమో, దారి పక్క మంచం వేయించుకుని వచ్చేపోయేవాళ్ల ఆనవాళ్లు పటేలుకు చేరవేస్తున్నానని అనుకున్నారు. నాకూ అనుమానమే, మోకును ఎవరైనా కోశారేమోనని. పరామర్శకు వచ్చిన ప్రతి గీతగాడి ముఖం వదిలి నడుముకున్న కత్తినే చూసేవాణ్ణి.

వానలు పడ్డాక ఒకనాడు గొంగడి కింద నా బొటనవేలు కదిలింది. చూసింది మా ఆవిడ ఒక్కతే. సంతోషించడం పోయి, గొంగడి కిందికి లాగి, "కాలు కదిలిందని కుక్కకు గూడ చెప్పకు. గుంజుకపోతరు" అంది.

రెండో రోజే పటేలు మనిషి తుమ్మముల్లుతో దిగాడు. మడమలో, పిక్కలో, తొడలో ముల్లు దించుతూ నా ముఖమే చూశాడు. ప్రాణం విలవిల్లాడుతున్నా నేను తొణకకుండా అడిగాను.

"మీ బర్రె ఈనిందా అన్నా?"

"ఈనింది. పెయ్యదూడ" అని, ముల్లు నా గొంగడికే తుడిచి పోయాడు.

తరువాత మిలిటరీ లారీలు వచ్చాయి, రజాకార్లు మాయమయ్యారు, పటేలు టోపీ మార్చాడు. నేను గోడ పట్టుకుని లేచి, మరుసటి ఎండాకాలానికి కర్రతో వాకిలి దాటాను. ముందునుంచీ అన్నీ దొంగవేషాలేనని ఊరంతా తేల్చింది. నేటికీ పెళ్లిళ్లలో మావాళ్లు ముల్లుకు చలించని మొగోడని నన్ను చూపిస్తారు, నేనూ మీసం దువ్వుతాను.

ఇప్పుడు వెట్టి లేదు, ఆ పటేలూ లేడు, తాడిచెట్లు సగం పోయాయి. చెప్పింది చెప్పినట్టు రాసుకునే డాక్టరు వచ్చాడు. అనుమానించేవాడి ముందు ఎంత అబద్ధమైనా నిలబడుతుంది గాని, నమ్మేవాడి ముందు కాళ్లు వణుకుతాయి.

అందుకే ఒప్పుకుంటున్నాను. వేలు కదిలింది ముల్లుకు ముందు కాదు, మిలిటరీ వచ్చిన తరువాత. ఆ కుక్క మాట కూడా మా ఆవిడ అన్నది కాదు, నేను అల్లిందే. ముల్లు దిగినప్పుడు నాకు ఏమీ తెలియలేదు. నెత్తురు చూసి బెదిరి బర్రె సంగతి ఎత్తాను. అతడు పోయాక మా ఆవిడ తుడుస్తూ, "జరంతన్న నొప్పైందా?" అని అడిగింది. కాలేదన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

ఒక్క ముల్లుపోటైనా నొప్పి పుట్టించి ఉంటే, ఊరదిరేలా కేకపెట్టి, ఆ మకాముకైనా సంతోషంగా పోయేవాణ్ణి.