దేశం దాటకుండా గ్రీసు

మనిషికి చేతులూ కళ్ళూ ఉండగా భాష రాకపోవడమనే జబ్బు లేదని దామోదర్ నమ్మకం. ముషీరాబాద్ గల్లీల్లో పెరిగినవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు నేర్చి మూడింటినీ ఒకే గరిటెతో కలిపి వడ్డించేవాడు. ఉద్యోగం అమెరికాలో, చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే కంపెనీలో. ఒకసారి అపార్ట్‌మెంట్ల ముందు గడ్డి కోసే మెక్సికన్ మనిషితో అరగంట మాట్లాడి వచ్చి, “పాపం, కొడుకు పెండ్లంట” అన్నాడు. తర్వాత భార్య మీనా ఆరా తీస్తే ఆ కొడుక్కి మోకాలి ఆపరేషన్ అని తేలింది. దామోదర్ ఏమీ నొచ్చుకోలేదు.

“ఖర్చు ఖర్చే గదా,” అన్నాడు.

ఏదైనా ఒక్కసారే అడుగుతాడు. మళ్ళీ అడిగితే చెప్పినవాణ్ణి అవమానించినట్టని ఆయన లెక్క. ఇక ‘కాదు’, ‘వద్దు’, ‘లేదు’ అనే మూడు మాటల పని ఆయన నోట ఒక్క ‘నై’ చేసేది. కాకినాడ పిల్ల మీనాకి కాపురం మొదట్లో అది చెవిలో ముల్లులా ఉండేది. తర్వాత అలవాటైపోయింది.

“ఇంకాస్త చారు పోయనా?”

“నై.”

“పోనీ మజ్జిగ?”

“నై చెప్పిన గదా.”

“మీ అమ్మగారు మీకు ఉగ్గుతోపాటు ఈ ముక్క కూడా పట్టారు కాబోలు,” అనేది.

రెండువేల తొమ్మిది వేసవిలో వాళ్ళమ్మాయి ఇషిత గ్రీసు చూడాలని పట్టుబట్టింది. స్కూల్లో ప్రాజెక్ట్ చేసి, తెల్ల ఇళ్ళూ నీలం గుమ్మటాలూ ఉన్న బొమ్మలు గదినిండా అంటించుకుంది. గ్రీసుకి పోవచ్చు. తిరిగి రావడమే కష్టం. వాళ్ళ పాస్‌పోర్టుల్లో వీసా స్టాంపు ఎప్పుడో ఎక్స్‌పైర్ అయింది. దేశంలో ఉన్నన్నాళ్ళూ దాంతో పనిలేదు, గీత దాటితే మాత్రం ఏదో ఒక కాన్సులేట్‌లో కొత్త స్టాంపు వేయించుకుంటేగాని లోపలికి రానివ్వరు. ఇర్వింగ్‌లో ఉండే స్నేహితుడు వినీత్ చెల్లెలి పెళ్ళికని ఇండియా వెళ్ళి స్టాంపింగ్ ఆగిపోయి అక్కడే చిక్కాడు. వచ్చేసరికి ఉద్యోగం లేదు. పైగా అది కంపెనీలన్నీ మనుషుల్ని తీసేస్తున్న కాలం. ఇలాంటి సందర్భాల్లో మనవాళ్ళు కొందరు బంగారు పంజరమనీ, పరాయి గడ్డ అనీ కవిత్వం మొదలుపెడతారు. దామోదర్ మొదలుపెట్టలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని, ఫ్లోరిడా పడమటి ఒడ్డున గ్రీకులు కట్టుకున్న ఊరొకటి పట్టుకున్నాడు.

“దేశం దాటకుండా గ్రీస్! టార్పన్ స్ప్రింగ్స్ అంట. సముద్రం ఉంది, గ్రీకులున్నరు, గా నీలం గుమ్మటాలు గూడ ఉన్నయేమో. ఇంకేం గావాలె?”

“అది ఫ్లోరిడా, నాన్నా. అది చీటింగ్,” అంది ఇషిత. అన్నది గాని, ఆ రాత్రే సూట్‌కేస్ సర్దుకుంది.

ఊరు నిజంగానే బాగుంది. పడవల రేవు, రేవు పొడుగునా స్పాంజ్ దుకాణాలు, గాలిలో వేయించిన చేపల వాసన. పాతకాలపు డైవర్లు రాగి టోపీలు పెట్టుకుని సముద్రం అడుగున నడుస్తూ ఈ స్పాంజ్‌లు కోసుకొచ్చేవాళ్ళట. దుకాణం గోడమీద వాళ్ళ ఫొటోలున్నాయి. కొందరి చేతుల్లో కర్రలున్నాయి. లోతునుంచి తొందరపడి పైకొచ్చినవాళ్ళకి కాళ్ళు చచ్చుబడేవని దుకాణంవాడు చెప్పాడు. పసుపుపచ్చగా, దూదిలా ఉన్న స్పాంజ్‌ని ఇషిత చెంపకి ఆనించుకుంటే, “బతికున్నప్పుడు అది నల్లగా జిగురుగా ఉంటుంది. చచ్చి కుళ్ళాకే ఇలా అవుతుంది,” అని నవ్వాడు. ఇషిత దాన్ని బుట్టలో పడేసింది. చేతులు లంగాకి తుడుచుకుంది.

దామోదర్ అక్కడే బేరంలో దిగాడు. తల్లీ కూతురూ పక్కనున్న బేకరీకి నడిచారు.

మీనా గుడ్డు తినదు. తేనె కారుతున్న మిఠాయి చూపించి, “ఇందులో ఎగ్ ఉందా?” అని ఇంగ్లీషులో అడిగింది. గల్లాపెట్టె దగ్గర నల్ల బట్టలు కట్టుకున్న పెద్దావిడ తల కాస్త పక్కకి వాల్చి, “నె” అంది.

ఆయన ‘నై’ లాగే ఉంది! లేదంటోంది కాబోలని మీనా పర్సు తీసింది. పక్కన డబ్బాలు కడుతున్న అమ్మాయి గబగబా అడ్డొచ్చింది.

“ఆగండి, ఆగండి! మా అమ్మమ్మ ఉందంటోంది. గ్రీకులో ‘నె’ అంటే యెస్. అందరూ ఇలాగే పొరబడతారు.”

“మరి నో అనాలంటే?” అంది ఇషిత.

ఆ పిల్ల చేతిలో డబ్బా పక్కన పెట్టింది. గడ్డం పైకెత్తి, కనుబొమలెగరేసి, నాలుకతో చిన్నగా టక్కుమనిపించింది.

“అమ్మా! ఇది మనం ‘ఏంటి’ అనడానికి చేస్తాం కదా! వీళ్ళకి నో!” ఇషిత పడీపడీ నవ్వింది. “నాన్న ఇక్కడ ఫుల్ కన్ఫ్యూజ్ అవుతారు. చెప్పాలి మనం.”

“చెప్పకు, చెప్పకు. భోజనాల దగ్గర ఆయన్నే ఆర్డర్ చేయనిద్దాం. తమాషా చూద్దాం,” అంది మీనా.

అంతలో దామోదర్ వీధిలోంచి కేకేశాడు. “జల్ది రాండ్రి, పడవ పోతున్నది! టికెట్ దీస్కున్న!”

పడవ వాళ్ళని ఒడ్డుకి దూరంగా ఉన్న దీవికి తీసుకెళ్ళింది. ఇళ్ళు లేవు, కొట్లు లేవు, తెల్లటి ఇసుక. పడవ నడిపేవాడు మిగతా టూరిస్టుల్ని దీవి రెండో కొసన ఉన్న లైట్‌హౌస్ చూపించడానికి నడిపించుకుపోయాడు. వాడి తండ్రి, ముసలాయన, పడవలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దామోదర్ వాళ్ళు ముగ్గురూ ఎండలో అంత దూరం నడవలేక ఒడ్డునే ఉండిపోయారు.

నీళ్ళు వెనక్కి తీసి ఉన్నాయి. ఒడ్డుకి చాలా దూరాన ఇసుక తిన్నె ఒకటి వీపు బయటపెట్టింది. ఇషిత పిక్కలోతు నీళ్ళలో నడుస్తూ అటు పోయింది, సాండ్ డాలర్లనే గుండ్రటి గుల్లలు ఏరుకోవడానికి. ముందు ఎర్ర టోపీగా కనిపించింది. తర్వాత ఎర్ర చుక్క. ఆ తిన్నెకి అవతల పడవలకి దారి చూపే ఇనప స్తంభం ఒకటి నిలబడి ఉంది. అదీ, ఈ పిల్లా తప్ప ఆ మేర నిలువుగా ఉన్నది మరేదీ లేదు.

మీనాకి సముద్రం కొత్తకాదు. కాకినాడలో అది ఎప్పుడూ ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటుంది. ఇక్కడ నూనె పోసినట్టుంది. ఇందాకటిదాకా అరిచిన పక్షులు ఎటో పోయాయి. వెనక్కి తిరిగి చూస్తే, మబ్బు సముద్రం మీద లేదు. ఊరి వైపు నుంచి, వాళ్ళ వీపు వెనకనుంచి లేచింది. కింద సిరా రంగు, పైన కాలీఫ్లవర్ పువ్వులా తెలుపు.

“ఏమండీ, అది ఇటొస్తుందంటారా? ఇషీని పిలవండి.”

“ఇప్పుడే గదా పోయింది. ఉండు, ముసలాయన్ని అడిగొస్త. ఈ సముద్రం ఆయన అబ్బ జాగీరున్నట్టు కూసున్నడు.”

ఆయన పడవ దగ్గరికి నడవడం, మబ్బుకేసి చూపించడం, వేళ్ళతో చినుకులు రాల్చడం, చేత్తో మెరుపు గీయడం మీనా దూరంనుంచి చూసింది. ముసలాయన తల పక్కకి వాల్చాడు. దామోదర్ ఆయన భుజం తట్టి, ఈల వేసుకుంటూ వచ్చి తువ్వాలు మీద చతికిలబడ్డాడు.

“ఏం గాదు. రాదంట.”

మీనా వెనక్కి వాలబోయింది. వాలబోతూ, ఊరికే అడిగింది. “ఏమన్నాడు?”

“నై అన్నడు. ఒకసారి గాదు, రెండుసార్లు. నై, నై.” నవ్వాడు. “మన హైదరాబాదోని లెక్కనే అన్నడు. జర పొట్టిగ, నె, నె అని.”

తేనె మిఠాయి. నల్ల బట్టల పెద్దావిడ. పక్కకి వాలిన తల. మీనా లేచింది. చెప్పులు వేసుకోలేదు. “ఇషీ!” అన్న ఒక్క కేక మాత్రం వచ్చింది. నీళ్ళలోకి పరిగెత్తింది.

“అరె, ఏమైంది?” అంటూ దామోదర్ వెంటపడ్డాడు. రెండు అంగల్లో ఆమెని దాటాడు. ఈత రాదు ఆయనకి. అయినా కూతురి పేరు పిలుస్తూ, మోకాలిలోతు నీళ్ళు చిమ్ముకుంటూ పోయాడు. వెనకనుంచి గాలి చల్లగా, ఒక్కసారి తలుపు తీసినట్టు వచ్చింది. ఎర్ర టోపీ ఎగిరిపోయింది. ఇషిత దోసిట్లోవి పారేసి, ఎదురు పరిగెత్తింది.

తండ్రీ కూతుళ్ళ మధ్య కాస్త నీరే మిగిలి ఉండగా అవతలి స్తంభం మీద తెల్లగా పిడుగు పడింది. చప్పుడు వేరుగా రాలేదు, వెలుగే పగిలినట్టయింది. మీనా మోకాళ్ళమీద కూలబడింది. అరికాళ్ళలోంచి పళ్ళదాకా జివ్వుమంది. కళ్ళు తెరిచేసరికి దామోదర్ బోర్లా తేలుతున్నాడు.

ఆయన్ని వెల్లకిలా తిప్పింది, తనూ పడి లేచిన ఇషిత. చాండ్లర్ స్విమ్మింగ్ పూల్‌లో నేర్పినట్టు గడ్డం కింద చెయ్యి వేసి, “అమ్మా, కాళ్ళు పట్టుకో! లిఫ్ట్ చెయ్!” అని అరిచింది. ఈలోగా ముసలాయన పడవ తెచ్చాడు. తడిసి పరిగెత్తుకొచ్చిన కొడుకు, తండ్రినడిగి సంగతి తెలుసుకుని, దామోదర్ మీదికి వంగి, “మా నాన్న వస్తుందనే చెప్పాడుగా! చెప్పాడుగా!” అని అరుస్తూనే ఉన్నాడు. దామోదర్‌కి అప్పుడేమీ వినపడటంలేదు. ఎడమ చెవిలోంచి సన్నగా నెత్తురు కారుతోంది.

ప్రాణం దక్కింది. ఎడమ చెవి దక్కలేదు.

దీపావళికి చాండ్లర్‌లో వాళ్ళింట్లో నాలుగు కుటుంబాలు కలిశాయి. జయంతి అనే పెద్దావిడ పిడుగు పడిన రోజు తిథి వెతికి, అది అమావాస్య అని తేల్చింది. అమావాస్య సముద్రస్నానానికి మంచిదే కదా అని ఎవరో అంటే, మంచిదే గాని సంకల్పం చెప్పుకోవాలంది. ఏమైతేనేం, దేవుడు చల్లగా చూశాడని అందరూ ఒప్పుకున్నారు. చల్లగా చూసే ఉద్దేశమే ఉంటే కాస్త ముందే చూడొచ్చుగా అని మీనాకి నోటిదాకా వచ్చింది. గారెలు తేవడానికి లోపలికి పోయింది.

ఆమె తిరిగొచ్చేసరికి దామోదర్ కథ చెప్తున్నాడు. ఇప్పుడాయన గట్టిగా మాట్లాడతాడు.

“తప్పు నాది గాదు. అడిగిన. ముసలోడు రాదన్నడు. మొఖం మీద అబద్ధం! ఎందుకు చెప్పిండో ఇప్పటికి సమజ్ గాదు నాకు. నేను ఆ మాట నమ్మి పడుకునేటోణ్ణి గదా, మీనా లేవకపోతే? ఆమెకి ఎట్ల తెలిసిందో! తల్లి పాణం గదా.”

అందరూ మీనాకేసి మెచ్చుకోలుగా చూశారు. మీనా పళ్ళెం బల్లమీద పెట్టింది. ‘నె’ మాట ఆమె ఆస్పత్రిలోనే చెప్పగలిగేది. విమానంలోనైనా చెప్పగలిగేది. మొదటివారం చెప్పకపోయేసరికి, రెండోవారానికి అది వేరే మాట అయిపోయింది.

ఇషిత తండ్రికి ఎడమపక్కన కూర్చుంది. ఫ్లోరిడానుంచి వచ్చాక ఎప్పుడూ ఆ పక్కనే కూర్చుంటోంది. గారె తుంచుతూ, తల్లికేసి చూస్తూ, పక్కవాళ్ళకి కూడా వినపడనంత మెల్లగా అంది.

“నె అంటే యెస్, నాన్నా. అమ్మకి తెలుసు. నాకు కూడా తెలుసు.”

పెదాల కదలిక పట్టుకుని దామోదర్ ఇటు తిరిగాడు. ఏంటన్నట్టు గడ్డం పైకెత్తాడు, కనుబొమలెగరేశాడు.

మీనాకి బేకరీలో పిల్ల కనిపించింది. అలాగే, అచ్చం అలాగే.

“నథింగ్, నాన్నా,” అంది ఇషిత, తల్లి మీంచి చూపు తీయకుండా.