బోరు నీళ్లలో ఎరుపు

ఏలూరులో ఆ వీధిలో తివాచీలు నేసే ఇళ్లు నాలుగే మిగిలాయి. ఆ నాలుగిళ్లకూ ఉన్నికి రంగు వేసిచ్చేది అబ్దుల్ జబ్బార్. యాభై ఆరేళ్ల మనిషి. చేతులకి ముంజేతుల దాకా ఎర్రరంగు పట్టి ఉంటుంది, పండక్కి ఎంత తోమినా వదలదు.

మున్సిపాలిటీ వాళ్లు మంగళవారం పొద్దున్నే వచ్చారు. పెరట్లో రంగు కాచే రాగి కాగు కింద పొయ్యి అప్పుడే అంటుకుంది. ఇంటి ముందు తవ్వి, కుళాయి పైపు కోసి, చివర మూత బిగించారు.

"బకాయి కట్టమని మూడు నోటీసులు ఇచ్చామండీ," అన్నాడు వాళ్లలో పెద్దాయన, మెత్తగానే.

"అందాయండీ."

జబ్బార్ పెరట్లోకి వెళ్లి పొయ్యి ఆర్పేశాడు. కుళాయి చనిపోయిన అన్న పేరు మీద ఉంది. నోటీసు మీద ఆ పేరు కనపడగానే చదవకుండా మడిచి బీరువా మీద పెట్టేసేవాడు. ఎందుకలా చేశారని భార్య సఫియా అడిగితే, ఆ కాగితాలు దించి ఆమె చేతిలో పెట్టాడు.

సఫియా ఎదురింటి షారోన్ దగ్గర రెండేసి బిందెలు పట్టుకొచ్చేది. మూడోరోజు షారోన్ అత్తగారు గేటు కాస్త ఆలస్యంగా తీసింది. నాలుగో రోజు నుంచి సఫియా అటు వెళ్లలేదు, టిన్ను నీళ్లు కొంది. కూతురు నజ్నీన్ అర బకెట్టుతో స్నానం కానిచ్చుకుని కాలేజీకి పోయేది.

రంగు పనికి మాత్రం టిన్నులు చాలవు. వెనక వీధి బోరువి ఉప్పు నీళ్లు, పనికిరావని జబ్బార్‌కి తెలుసు. అయినా నేతగాడు ఖలీల్‌కి శుక్రవారానికి ఎర్ర ఉన్ని ఇస్తానన్నాడు. సైకిల్ మీద పదహారు బిందెలు మోశాడు. కాగులోంచి తీసి చూస్తే ఉన్ని ఇటుక పొడిలా ఉంది, అక్కడక్కడా మచ్చలు. మళ్లీ ముంచాడు. అలాగే వచ్చింది.

ఖలీల్ ఒక కట్ట ఎండకు పట్టి చూశాడు. "భాయ్, దీన్ని నేయలేను."

"నేయకు."

"కోపమొచ్చిందా?"

రాలేదు. వస్తే బాగుండుననిపించింది. లోపల వెతుక్కున్నాడు గానీ దొరకలేదు.

ఖలీల్ బయటి నుంచి రంగు వేసిన ఉన్ని తెప్పించుకున్నాడు. మిగతా ముగ్గురూ అదే దారి పట్టారు. ఇక కాగుతో పనేముంది? ఇత్తడి సామాన్ల కొట్టుకి అమ్మేసి, ఆ డబ్బుతో కుళాయి బకాయి కట్టేశాడు జబ్బార్. తూకం వేస్తుంటే వేరే వైపు చూడలేదు, కాటా ముల్లునే చూశాడు.

పంతొమ్మిదో రోజున కుళాయి వచ్చింది. ముందు బురద నీళ్లు, ఆ తర్వాత మంచివి. సఫియా ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నింపేసింది.

"ఏవండీ, లేచి స్నానం చేయండి."

"చేస్తాను," అన్నాడు. మధ్యాహ్నం దాకా గుమ్మంలోంచి లేవలేదు.

ఇప్పుడు పాపారావు గారి బట్టల కొట్లో చీరలు మడత పెడుతున్నాడు. పాపారావు గారు మంచాయన, శుక్రవారం నమాజుకి పంపిస్తారు. పని ఎలా ఉందని ఎవరైనా అడిగితే, "నీడపట్టునేనండీ," అంటాడు జబ్బార్.