మేడమీద ఎండలో తీసిన ఫోటో

డెబ్బైల మొదట్లో మాట. మంగళగిరి పెళ్లివారికి అక్క ఫోటో పంపాలని నాన్న మమ్మల్ని బెజవాడ తీసుకెళ్లాడు. స్టూడియోలో కరెంటు లేదు. ఫోటోగ్రాఫరు మేడమీద ఒక దుప్పటి కట్టి, మిట్టమధ్యాహ్నపు ఎండలో అక్కను నిలబెట్టి తీశాడు. వారం తర్వాత వెళ్తే, ఫోటోలో అక్క ఎడమ చెంప మీద రూపాయి బిళ్లంత తెల్ల మరక ఉంది.

మేమంతా ఫోటోనూ అక్క చెంపనూ మార్చి మార్చి చూశాం. చెంప మీద ఏమీ లేదు.

"పౌడరు సరిగ్గా అద్దుకోలేదే నువ్వు!" అని అమ్మ అక్కనే కసిరింది. మా ఇంట్లో పాలు పొంగినా అక్కదే తప్పు.

"దీనికేముందండీ, ఒక్క నిమిషం," అని ఫోటోగ్రాఫరు సన్న కుంచెతో ఆ మరక మీద నల్లరంగు అద్దేశాడు. మొటిమలకూ మచ్చలకూ అందరి ఫోటోల్లోనూ చేసే పనే అది. మేం సంతోషంగా ఇంటికొచ్చాం. సంబంధం కుదిరింది, పెళ్లీ అయింది.

ఏడాది తిరక్కుండా అక్క చెంప మీద, సరిగ్గా అక్కడే, బొల్లిమచ్చ తేలింది. అత్తగారికి అనుమానం వచ్చి పాత ఫోటోను తడిగుడ్డతో తుడిచిందట. కుంచెరంగు పోయి మరక బయటపడింది.

"తెలిసే దాచారు," అంటూ పెద్దమనుషుల్ని పిలిచారు. నాన్న ఒక్క మాట ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కొండమీద స్వామి ఎదుట కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి, "పెళ్లినాటికి నా బిడ్డకు ఏ మచ్చా లేదు," అని ప్రమాణం చేశాడు. పెద్దమనుషులు తలలూపారు. అత్తింటివాళ్లు మాత్రం అక్కను మాతో పంపేశారు. ఆ మనుషుల మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

నాన్న అరచేతి మీది బొబ్బ మానింది. "దేవుడి ముందు నిజమే చెప్పాను," అని ఆయన తరచూ అనుకునేవాడు. ఆ మాటే ఆయనకు అన్నం సహించేలా చేసేది.

తర్వాత నేను కాలేజీలో చేరాను. ఒకరోజు మా లెక్చరరు గారు అతినీలలోహిత కిరణాల గురించి చెప్పారు. ఎండలో అవి ఉన్నా, మన కంట్లోని కటకం వాటిని లోపలికి రానివ్వదట. ఫిల్ముకు ఆ అడ్డు లేదు. చర్మంలో రంగు పలచబడిన చోట అవి ఎక్కువగా తిరిగొస్తాయి కనుక, మన కంటికి తెలియని మచ్చ కూడా ఫోటోలో తెల్లగా పడుతుందట.

మనం అబద్ధం ఆడలేదని రుజువు దొరికిందనుకుంటూ బస్సు దిగి పరుగున ఇంటికొచ్చాను. అక్క పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అంతా విని, చేతిలో తడిచీర అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"అంటే, ఆ ఫోటో నాటికే నాకు మచ్చ ఉందన్నమాట."

"ఉంది. కానీ అప్పటికి ఎవరి కంటికీ కనబడదక్కా. అదే నేను చెప్పేది."

వసారాలో నాన్న పడక్కుర్చీలో కునుకు తీస్తున్నాడు. అక్క అటు చూసి గొంతు తగ్గించింది.

"నాన్నకు చెప్పకే," అంది. "ఆయన ప్రమాణం చేసొచ్చాడు."