సారు కొడుకు పరుగెత్తిన శనివారం

మొన్న మా ఆవిడ మోకాళ్ళు చూపించుకోవడానికి అల్ సద్‌లో ఒక క్లినిక్‌కు వెళ్ళి, టోకెన్ తీసుకుని కూర్చున్నామో లేదో, ఎదురుగా గోడమీది టీవీలో అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ మొదలైంది. హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడొకడు కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో ఇరికించుకుని, మీదపడేవాళ్ళను తప్పించుకుంటూ పరుగు లంకించుకున్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది, నేను ఆవిడ వైపు చూశాను. ఇద్దరికీ ఒకే ఇల్లు గుర్తొచ్చింది.

మెట్రో ఇంకా రాని రోజులవి. అల్ ఘర్రాఫాలో ఒక అమెరికా దంపతుల విల్లాలో నేను హౌస్ డ్రైవర్‌ని, మా ఆవిడ వంటమనిషి. కడప జిల్లా పల్లె నుంచి ఈ అరబ్బు దేశానికి వచ్చిన మాకు కబడ్డీ తప్ప వేరే ఆట తెలియదు. సారు ఇక్కడ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు అమెరికాలో తన కాలేజీ జట్టుకు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని దాన్ని ఎవరికి విసరాలో తేల్చేవాడు. శనివారం సాయంత్రం అతని ఆట వస్తే మేడం మమ్మల్నిద్దరినీ హాల్లోకి పిలిచి సోఫాలో కూర్చోబెట్టేవారు. మొదట్లో మా ఆవిడ ఎవరో లెమ్మంటారేమోనన్నట్టు అంచున కూర్చునేది, పోనుపోను కాళ్ళు మడుచుకుని, పకోడీల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఆ ఇంటి ఆడపడుచులా ఆట చూసేది.

సారు చెప్పగా చెప్పగా ఆట నా తలకు కొంత ఎక్కింది. క్వార్టర్‌బ్యాక్‌లలో రెండు రకాలట. కాపుగా ముందు నిలబడే సొంత జట్టు భారీ మనుషుల చాటును పాకెట్ అంటారు, ఒకడు ఆ చాటున ఆఖరి క్షణం దాకా కాలు కదపకుండా నిలబడి విసురుతాడు, ఇంకొకడు దారి కనబడితే తానే బంతితో ఉడాయిస్తాడు. కొడుకు కాళ్ళేమో రెండో రకానివి, సారు పట్టుదలేమో మొదటి రకానిది. సారు కూడా కుర్రతనంలో అదే స్థానంలో ఆడి, ఒకనాడు పరుగెత్తబోయి మోకాలు విరగ్గొట్టుకున్నారు, అప్పటినుంచీ కుడికాలు ఈడుస్తూనే నడిచేవారు. పైగా డబ్బిచ్చి ఆడించుకునే పెద్ద జట్లు నిలబడి విసిరేవాణ్ణే తీసుకుంటాయని ఆయన నమ్మకం. ప్రతి ఆటకు ముందూ ఫోన్ చేసి, కదలకు, నిలబడి విసురు అని కొడుక్కి నూరిపోసేవారు. అటునుంచి కొడుకు గొంతు పెంచేవాడు, మేడం కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చేవారు. తండ్రీకొడుకులు ఈ ఆట వల్లే విడిపోతారేమోనని ఆ తల్లి బెంగ.

మా ఆవిడ మాత్రం ఎవరి మాటా వినే రకం కాదు. ముందు నిలబడేవాళ్ళందరూ ఆ పిల్లవాడి అన్నలని చాలాకాలం అనుకుంది ఆ మహాతల్లి. వాళ్ళు పక్కకు తొలిగినప్పుడల్లా, “ఏం అన్నలురా మీరు, తమ్ముణ్ణి గాలికొదిలేస్తిరే!” అని టీవీని తిట్టిపోసేది. “అట్ల కొయ్య మాదిరి నిలబడుకోని యాం చేస్తావు, ఉరుకు నాయనా!” అనేది. ఆ తెలుగు సారుకు అర్థం కాకపోవడం మా అదృష్టం.

ఒక శనివారం కొడుకు తండ్రి మాట విన్నాడు. కదలకుండా నిలబడి బంతి ఎవరికి విసరాలా అని చూస్తుండగా వెనకనుంచి ఒక భీముడు వచ్చి గుద్దాడు. పిల్లవాడు బోర్లా పడి లేవలేదు. మేడం మా ఆవిడ చేయి పట్టుకున్నారు, సారు తన పాత మోకాలిని రెండు చేతులతో పట్టుకున్నారు. ఎంతసేపటికో అతణ్ణి లేపి బయట కూర్చోబెట్టారు, పరీక్షలన్నీ చేశాక మళ్ళీ ఆటలోకి పంపారు. బంతి మళ్ళీ అతని చేతికే వచ్చింది. ఎడమవైపు దారి తెరుచుకుని ఉంది, వాడేమో తండ్రి చెప్పినట్టు నిలబడే ఉన్నాడు. అప్పుడు లేచారండీ సారు, ఆ కాలితోనే. పొద్దున కారు దగ్గర నన్ను తొందరపెట్టే అరబ్బీ మాటే, “యల్లా! యల్లా!” అని ఇల్లు అదిరేలా అరిచారు.

కొడుకు పరుగెత్తాడు. తండ్రి కేక అతనికెలా వినపడుతుంది, తన కాళ్ళ మాట తను విన్నాడంతే. మధ్యలోనే పడేశారు, ఆట కూడా ఓడిపోయారు, అయినా తనంతట తను లేచి నవ్వాడు చూడండి, ఆ నవ్వుకు మేం నలుగురం ఏడ్చాం. ఆ తర్వాత సారు ఫోన్ చేసి, కాళ్ళు బాగున్నాయా అని మాత్రం అడిగారు. ఇంకెప్పుడూ కదలకు అనలేదు.

పెద్ద జట్లేవీ ఆ కుర్రాణ్ణి తీసుకోలేదు. సారువాళ్ళు తమ దేశం వెళ్ళిపోయారు. ఇప్పుడు మేం పనిచేసే అల్ వుకైర్ ఇల్లూ మంచిదే, టీవీ ఇంకా పెద్దది, కానీ దాని ముందు కూర్చోమనేవాళ్ళు లేరు. డ్యూటీ అయ్యాక మా గదిలో ఆవిడ ఫోన్ ఆవిడది, నా ఫోన్ నాది. ఇప్పుడు ఆ ఆటలో పరుగెత్తేవాళ్ళనే నెత్తిన పెట్టుకుంటున్నారట, సారు కొడుకు కాస్త ముందు పుట్టాడేమో.

ఇంతలో క్లినిక్‌లో మా టోకెన్ పిలిచారు. మా ఆవిడ నా భుజం పట్టుకుని లేవబోయి తూలింది. నేను ఆవిడ జబ్బ పట్టేసి, “కదలకు, పడతావ్!” అని అరిచాను. ఆ మాట ఎవరిదో నోరు దాటాక తెలిసింది. ఆవిడకూ తెలిసినట్టుంది, నా చేయి మెల్లగా విడిపించుకుంది.

“ఆ మాట గాదబ్బా,” అంది, “యల్లా అను.”

అన్నాను. కాలీడుస్తూనే, నాకంటే ముందే నడిచింది.