ఖాళీ గడులు

ఆ నర్సమ్మ పెన్ను మూతతో కాగితం మీద కొట్టే చప్పుడు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఏడేళ్ల నా కూతురు రోజూ పక్క తడుపుతోందని ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడ ఆ నర్సమ్మ గీతలున్న ప్లాస్టిక్ జగ్గు, గడులు గీసిన కాగితం ఇచ్చింది. పిల్ల ఒంటికి పోయినప్పుడల్లా కొలిచి, టైముతో సహా రాయాలట. బడిలో కొలవక్కర్లేదు, ఎన్నిసార్లు పోయిందో అడిగి రాస్తే చాలట. మందివ్వకుండా ఈ కొలతలేమిటని మండిపడ్డాను. అయినా మూడు రోజులు రాసి పట్టుకుపోయాను.

పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా గడులన్నీ ఖాళీ. పెన్ను మూత అక్కడే టకటకలాడింది. నన్నేమీ అడగలేదు. పిల్ల ముందు గొంతుక్కూర్చుంది.

"బడిల ఎందుకు పోలే బిడ్డా?"

"బాత్రూంకు తాళం ఉంటది. సారును అడిగితే ఆపుకో అంటడు."

"పక్క తడిస్తే ఇంట్ల ఏమంటరు?"

"అమ్మ కొడ్తది."

ఆమె కొత్త కాగితం తీసి, చివర ఇంకో వరుస గీసి నా చేతిలో పెట్టింది. "ఈసారి ఎన్నిసార్లు కొట్టినవో అది గూడ రాస్కరా అమ్మా."

నలుగురిలో తల కొట్టేసినట్టయింది. ఆ కోపమంతా మర్నాడు బడి మీదికి పోయింది. బాత్రూం తాళం తీసేదాకా హెడ్మాస్టరు గది ముందు నుంచి నేను కదల్లేదు.

వారం తర్వాత చివరి వరుస ఖాళీగా ఉన్న కాగితం ఆమెకిచ్చాను. పెన్ను మూత ఆ ఖాళీ మీద ఆగింది. నేను నోరు తెరిచేలోపే ఆమె పిల్ల వైపు తిరిగింది.

"నిజంగనే కొట్టలేదా బిడ్డా?"