ఆ పోస్టు కింద

క్రిస్మస్ వెళ్లిన వారం. పలాస పాసింజరులో కూర్చుని, ఆ ఏడాది చదివిన పుస్తకాల గురించి ఫోనులో మా పుస్తకాల గ్రూపుకి రాస్తున్నాను. చీపురుపల్లిలో ఎక్కిన పెద్దాయన నా పక్కన కూర్చుని, పైనున్న గ్రూపు బొమ్మ చూసి గుర్తుపట్టాడు.

"మా పాప కూడా ఇందల్లోనే రాసీదమ్మా" అంటూ గులాబీరంగు కవరున్న ఆ పాప ఫోను తీసి, ఆమె పెట్టిన పోస్టు చూపించాడు.

నిరుడు డిసెంబరులో ఆ అమ్మాయి తను చదివినవన్నీ చెప్పి, చివర "వచ్చే ఏడు ఏం చదవమంటారు?" అని అడిగింది. కింద ఇంకా ఎవరో ఒకరు పుస్తకాల పేర్లు చెబుతూనే ఉన్నారు.

"జనవరిలోనే జొరమొచ్చి పోనాదమ్మా. ఆలకి తెల్దు. పాప నేదని కాస్త రాసీయవా?"

రెండు మాటలు టైపు చేశాను. పంపబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"వొద్దమ్మా, ఉండనీ. ఇది టింగుమన్నప్పుడల్లా ఎవలో దాన్ని పిలిసినట్టుంటాది."

రాసింది చెరిపేసి ఫోను ఇచ్చేశాను. ఆయన పొందూరులో దిగిపోయాడు.

ఇప్పటికీ ఏటా డిసెంబరులో, నాకు బాగా నచ్చిన పుస్తకం పేరొకటి ఆ పోస్టు కింద రాస్తాను. కాసేపటికి ఆ అమ్మాయి పేరు మీద ఓ లైకు పడుతుంది.